మోచేతికి మెత్త, కుర్చీకి అట్ట

నీళ్ళు రాక అల్లాడుతున్న ఆ ఇంట్లో మొదటి గొడవ నీళ్ళ గురించి కాదు, తువ్వాలు గురించి.

అది పెద్ద నీలం తువ్వాలు. చుట్టాలు వచ్చినప్పుడు తప్ప బీరువా దాటి బయటికి రాదు. ఇల్లాలు బీరువా తెరిచి చూస్తే దాని చోటు ఖాళీగా ఉంది. వెతుక్కుంటూ పెరట్లోకి వెళితే అది ఇంటాయన చేతిలోని మెటల్ డిటెక్టర్‌కి చుట్టుకుని కనిపించింది.

"చుట్టాల తువ్వాలు తీశారేమండీ?"

"మోచెయ్యి ఒరుసుకుపోతోంది."

"వంటింటి గుడ్డ చుట్టుకోవచ్చుగా."

"అది తడిగా ఉంది."

"నీళ్ళే రాని ఇంట్లో గుడ్డ తడిగా ఎలా ఉందండీ?"

"నువ్వే పక్కింటి నుంచి నీళ్ళు తెచ్చి తడిపావు. నన్నడిగితే నేనేం చెప్పను?"

మాటా మాటా పెరిగింది. అత్తగారు కిటికీలోంచి చూస్తూ ఇద్దరికీ సమానంగా తప్పు పంచారు. కాలేజీకి వెళ్ళే కూతురు చెవుల్లో తీగలు పెట్టుకుంది. కాని ఉన్నమాట చెప్పుకోవాలి. ఇల్లాలికి తువ్వాలు తీసినందుకు వచ్చిన కోపం కన్నా, దాన్ని చుట్టిన తీరు చూసి వచ్చిన కోపమే ఎక్కువ. ఒక పక్క మూడు మడతలు, ఇంకో పక్క ఒకటి. కట్టిన తాడు వదులు. ముడి సరిగ్గా మోచేతి ఎముక కింద. ఆమె చాలాసేపు ఓర్చుకుంది, చివరికి చెయ్యి చాపింది.

"ఇటివ్వండి."

ఆ ఒక్క మాటతో ఆమె కూడా ఆ మహత్తర శాస్త్రీయ కార్యక్రమంలో పూర్తికాలపు ఉద్యోగిగా చేరిపోయింది.

ఆ కార్యక్రమం ఎలా మొదలైందో చెప్పాలి. పోయిన ఏడాది ఇంటాయన పెరడు చదును చేయించారు. లారీతో మట్టి తోలించి, ఎత్తుపల్లాలు పూడ్పించి, అరచేయిలా సమంగా తయారైన నేలను చూసి మురిసిపోయారు. ఆ సమతలం కింద నీళ్ళ గొట్టం వాల్వు, దాని ఇనప మూత కూడా సమాధి అయ్యాయని అప్పుడెవరికీ తట్టలేదు. మూతలు అవసరం పడితే గాని గుర్తుకురావు.

ఈ ఏడాది నేల లోపల ఎక్కడో గొట్టం పగిలింది. వంటింటి కుళాయి ముక్కు చీదినట్టు చీది ఊరుకోవడం మొదలుపెట్టింది. నీళ్ళ ఆఫీసు లైన్‌మన్ వచ్చి చెవి గోడకి ఆనించి విని, తల పంకించి, సంగతి తేల్చేశాడు.

"లోపల కారిపోతోంది సార్. ముందు మీ వాల్వు కట్టుకోండి, తర్వాత గొట్టం బాగుచేయించుకోండి. మేం ఆపాలంటే వీధి వీధంతా ఆపాలి, అది కుదరదు. నెలాఖరు శనివారం లోపల మీరు కట్టకపోతే రోడ్డు తవ్వి మీ కనెక్షన్ కోసేస్తారు. తర్వాత నా మీద అనుకోవద్దు."

"వాల్వు ఎక్కడుందో తెలియాలిగా?" అన్నారు ఇంటాయన.

"గునపంతో పొడుచుకుంటూ పోండి. ఠంగుమన్నచోట తవ్వండి."

ఇంటాయనకి ఆ మాట నచ్చలేదు. ఆయన ఒక పెద్ద కార్యాలయంలో సెక్షన్ అధికారి. ఆయన సెక్షన్‌లో ఏ పనైనా నేరుగా మొదలుపెట్టరు. ముందు ఆ పనికి తగిన వాతావరణం కల్పిస్తారు. వాతావరణం సిద్ధమయ్యేసరికి సాధారణంగా పని అవసరం తీరిపోయి ఉంటుంది. అటువంటి మనిషికి గునపం ఇచ్చి పొడవమనడం ఆయన హోదాకి తగదు. మర్నాడే ఆఫీసు మిత్రుడొకరి దగ్గర మెటల్ డిటెక్టర్ అరువు తెచ్చారు.

పొడవాటి కాడ. ఒక చివర పళ్ళెం లాంటి చుట్ట. ఇంకో చివర మోచెయ్యి ఆనించుకోవడానికి దోనెలాంటి బద్ద. మధ్యలో పిడి. పళ్ళేన్ని నేలకి ఆనీ ఆననట్టు అటూ ఇటూ ఊపుతూ నడిస్తే, కింద ఇనుమున్నచోట కూత పెడుతుంది. బరువు కిలోన్నర. ఊపడం మొదలుపెట్టిన కాసేపటికి అది కిలోన్నర కాదని, మోసేవాడి పూర్వజన్మ కర్మతో కలిపి తూచాలని ఇంటాయన గ్రహించారు. పెరట్లో ఒక మూల మాత్రమే చూసి, భుజం పట్టుకుని లోపలికి వచ్చి పడుకున్నారు.

"బరువు కాదు సమస్య," అన్నారు పడుకునే. "బరువు పడే చోటు. ముక్కుబరువుగా ఉంది. ఏమోయ్, ఈ గరిమనాభి అంటే ఏమిటి? నువ్వు చదివావుగా."

అప్పుడు ఇల్లాలు పక్కింటి నుంచి రెండు బకెట్ల నీళ్ళు మోసుకొస్తోంది. ఆ మాట విని గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆమె భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న మనిషి. ఆ పట్టా పెట్టె అడుగున పట్టుచీరల కింద భద్రంగా ఉంది. పెళ్ళయిన తర్వాత ఆమె భౌతికశాస్త్రం బిగుసుకుపోయిన డబ్బా మూతలు తీయడానికి తప్ప మరెందుకూ అక్కరకు రాలేదు. 'నువ్వు చదివావుగా' అన్న మాట ఆ ఇంట్లో అంతకుముందు ఎవరి నోటా వినలేదు. మనిషి లొంగిపోవడానికి అంతకన్నా ఏం కావాలి? బకెట్లు దించి, కొంగుతో చేతులు తుడుచుకుని, మంచం అంచున కూర్చుంది.

"ఇప్పుడు చూడండి. ఒక చేత్తో ఒక బకెట్ మోస్తే నడుం ఒక పక్కకి లాగుతుంది. రెండు చేతుల్తో రెండు మోస్తే బరువు రెట్టింపయినా మనిషి నిటారుగా నడుస్తుంది. మీ యంత్రానికీ అంతే. వెనక కూడా బరువుండాలి."

"అద్భుతం," అన్నారు ఇంటాయన లేచి కూర్చుని. ఆ సూత్రాన్ని వెంటనే స్వీకరించారు. బకెట్లను మాత్రం స్వీకరించలేదు. ఆమెకి కూడా ఆ సమయంలో అది లోపంగా తోచలేదు.

ఇక ఆమె పనిమంతురాలితనం చూడాలి. వెనక కట్టే బరువు ఇనుమైతే యంత్రం దాన్ని చూసే కూయొచ్చు కాబట్టి ఇసుక సంచీ కుట్టింది. ఒకటి బరువు చాలలేదు, రెండోది ఎక్కువైంది. మూడోదాన్ని వంటింటి తక్కెడలో పెట్టి, చిటికెడు చిటికెడు తీస్తూ, చూపుడువేలి మీద కాడ నిలిచేదాకా సరిచేసింది. నీలం తువ్వాలు విప్పి బీరువాలో పెట్టేసి, మోచేతి బద్దకి దూది కూరి మెత్త కుట్టింది. కుట్టు వంకర పోయిందని విప్పింది. మళ్ళీ కుట్టింది. మెత్త అంచుకి సన్నని పట్టీ వేసింది. ఆ మధ్యలో పొయ్యి మీద పెట్టింది మాడిపోయింది, గిన్నె తోమడానికి పక్కింటి నుంచి మరో బకెట్ తెచ్చుకుంది.

ఫలితం అమోఘం. యంత్రం ఇప్పుడు దివ్యంగా సమతూకంలో ఉంది. బరువు మాత్రం రెండున్నర కిలోలయింది. అంత సమతూకంలో ఉన్న యంత్రాన్ని ఇంటాయన నాలుగు ఊపులకన్నా ఎక్కువ ఊపలేకపోయారు.

ఈ దశలో ఎదురింటి డ్రిల్లు మాష్టారు రంగంలోకి దిగారు. ఆయన పాఠశాలలో పిల్లలకి వ్యాయామం నేర్పి విశ్రాంతి తీసుకున్నవారు. విశ్రాంతి ఆయనకి పడలేదు. పెరట్లో నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, నలుగురూ వినేలా మాట్లాడారు.

"లోపం యంత్రంలో లేదు. లోపం మనిషిలో ఉంది. తమరు భుజంతో ఊపుతున్నారు. ఊపవలసింది నడుముతో. నడుం నిలవాలంటే మోకాలు నిలవాలి. మోకాలు నిలవాలంటే పాదం నిలవాలి. పాదం నిలవాలంటే మంచి బూటు కావాలి. బూటు లేని జాతి ఏ రంగంలోనూ ముందుకు పోలేదు."

జాతి సంగతి ఎలా ఉన్నా ఇంటాయన మాత్రం ముందుకు పోదలిచారు. తమ్ముడు ఫ్యాక్టరీలో వాడి పడేసిన బూట్లు అటక మీద నుంచి దింపించారు. కాలి మీద బరువు పడ్డా వేళ్ళు నలక్కుండా ముందు భాగంలో ఇనప రేకు ఉండే బూట్లవి. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసిన సంగతి సమయానికి గుర్తురావడం వేరే విద్య.

బూట్లు తొడుక్కుని, నడుము నిలబెట్టి, ఎడమకాలు ముందుకు పెట్టి, పళ్ళెం ఎడమ పక్కకి ఊపగానే యంత్రం కూత పెట్టింది. ఇల్లంతా పెరట్లోకి పరుగెత్తింది. తవ్వారు. ఏమీ లేదు. అడుగు ముందుకు వేసి ఊపారు. మళ్ళీ ఎడమ పక్కనే కూత. తవ్వారు. సాయంత్రానికి పెరడు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఎడమకాలి పక్కన వరసగా గుంటలతో, ఎవరో చాలా శ్రద్ధగా మొక్కలు నాటబోతున్నట్టు తయారైంది. మూత ఆ వరస పొడుగునా వ్యాపించి ఉందేమోనని కూడా కాసేపు అనుకున్నారు.

కనిపెట్టింది ఇల్లాలే. "మీ బూట్లండీ," అంది.

అందరూ ఆమె వైపు చూసిన చూపు ఆమె చాలా రోజులు గుర్తుపెట్టుకుంది. డ్రిల్లు మాష్టారు సైతం తల వంచి, "చదువు చదువే అమ్మా," అన్నారు. ఆ పొగడ్త తలకెక్కిన ఊపులో ఆమె ఒక సాధారణ నియమం కూడా ప్రకటించింది.

"మన సొంత ఇనుము పక్కన యంత్రం మోగితే దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. బూట్లు, బకెట్ కాడ, గొళ్ళెం, ఇనప కుర్చీ, ఏదైనా సరే. వేరే చోట మోగితేనే తవ్వాలి."

కుర్చీ మాట ఎందుకొచ్చిందంటే, పెరట్లో అప్పటికే ఒక కుర్చీ వెలిసింది. ఊపుకీ ఊపుకీ మధ్య ఇంటాయన ఆయాసం తీర్చుకోవడానికి పాత ఇనప కుర్చీ గోడవారగా వేశారు. రెండో రోజుకల్లా దాన్ని అత్తగారు ఆక్రమించారు. గోడవారన కొంచెం కుడిపక్కకి జరిపించుకున్నారు కూడా.

"ఇక్కడ నేల చల్లగా ఉందమ్మాయ్. అరికాళ్ళ మంట తగ్గినట్టుంది," అన్నారు.

ఆ రోజు నుంచి ఆవిడ అక్కడ కూర్చుని పర్యవేక్షణ చూస్తున్నారు. యంత్రం కుర్చీ దగ్గరికి వచ్చినప్పుడల్లా గట్టిగా కూసేది. ఇంటాయన ఆగేవారు. ఇల్లాలు వంటింట్లోంచే, "అది కుర్చీ అండీ, లెక్కలోకి రాదు," అని కేకేసేది. ఆయన విధేయంగా ముందుకి సాగిపోయేవారు. శాస్త్రం ముందు అధికారి అయినా తల వంచాల్సిందే.

తర్వాత కుర్చీకి కూడా ఒక సమస్య వచ్చింది.

"అమ్మాయ్, ఈ కుర్చీ ఒరుగుతోందే. వెనక కాలు కుంగింది."

ఏ వస్తువూ వంకరగా ఉండటం ఇల్లాలికి పడదు. గోడ మీద పటం ఒరిగితే ఆమెకి నిద్ర పట్టదు. బూట్ల పెట్టె అట్ట చింపి, నాలుగు మడతలు వేసి, అంచులు కత్తిరించి, కాలి కింద పెట్టింది. కుర్చీ తక్కెడ ముల్లులా నిలిచింది. రెండు రోజులకి మళ్ళీ ఒరిగింది. తీసి చూస్తే అట్ట నాని ముద్దయిపోయి ఉంది.

"ఈ రోజుల్లో అట్టలు కూడా నాసిరకమే," అని విసుక్కుని, ఇంకొంచెం మందపు అట్ట పెట్టింది. అదీ నానిపోయింది. ఆమె అట్టలు చేసేవాళ్ళ నిజాయితీ మీద పక్కింటావిడతో చాలాసేపు మాట్లాడింది. మాట్లాడుతూనే ఆవిడ కుళాయి కింద బకెట్లు నింపుకుంది.

"పోనీలే వదినా, మీ యంత్రం ఇప్పుడు పువ్వులా ఊగుతోందట కదా. మావారు చెప్పారు," అంది పక్కింటావిడ.

వీధిలో ఆ యంత్రానికి అంత పేరొచ్చింది మరి. సాయంత్రమైతే చాలు, ఎవరో ఒకరు వచ్చి దాన్ని ఎత్తి చూసేవారు. గుమ్మంలో నిండుగా ఉన్న బకెట్లను జాగ్రత్తగా దాటుకుని వెళ్ళి మరీ ఎత్తి చూసేవారు. "అబ్బో, బరువే" అని ఒకరు, "పిడి ఇంకొంచెం ముందుకుంటే హాయిగా ఉంటుంది" అని ఒకరు. ఒకాయన ఊపేటప్పుడు ఊపిరి ఎప్పుడు పీల్చాలో చెప్పాడు. కూతురు ఎడమచేతి వాటం కాబట్టి ఆ అమ్మాయి కోసం బద్ద రెండో పక్కకి తిప్పే ఏర్పాటు జరిగింది. ఆ అమ్మాయి ఆ యంత్రాన్ని ఒక్కసారి పట్టుకుని ఫొటో తీసుకుని ఇచ్చేసింది. ఆ ఒక్క ఫొటో వరకు ఏర్పాటు అద్భుతంగా పనిచేసింది.

ఇంటాయన భుజానికి రాత్రిళ్ళు వేడినీళ్ళ కాపడం కావలసివచ్చేది. దానికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చేవో మళ్ళీ చెప్పక్కర్లేదు. కాపడం పెడుతూ ఇల్లాలు మెత్తలో ఇంకా దూది కూరాలా, పట్టీ వెడల్పు చేయాలా అని ఆలోచించేది. తన అరచేతుల్లో బకెట్ కాడ పడ్డ ఎర్రటి గీతలు ఆ కాపడం గుడ్డ తగిలినప్పుడు చురుక్కుమనేవి. నీళ్ళు మరీ వేడెక్కాయి కాబోలు అనుకునేది.

ఇలా నెలాఖరు వచ్చింది. శుక్రవారం పొద్దున లైన్‌మన్ సైకిలు దిగకుండానే గేటు దగ్గర నుంచి, "రేపేనండమ్మా, రోడ్డు తవ్వేవాళ్ళకి చెప్పేశారు," అని చెప్పి వెళ్ళిపోయాడు.  కనెక్షన్ కోసేస్తే మళ్ళీ ఇచ్చేది ఎప్పుడో ఎవరికీ తెలియదు. వీధి చివరింటి వాళ్ళకి కోసి రెండేళ్ళయింది. పక్కింటావిడ కూడా ఈ మధ్య కుళాయి దగ్గర పలకరింపు కొంచెం తగ్గించింది. మంచితనానికి కూడా ఒక వాల్వుంటుంది, అది ఎక్కడుందో పక్కింటివాళ్ళకి బాగా తెలుసు.

ఇంటాయన కూడా ఊరుకోలేదు. ఆఫీసుకి సెలవు పెట్టి, డ్రిల్లు మాష్టారిని వెంటబెట్టుకుని, యంత్రం బరువు రెండు భుజాల మీద సమంగా పంచే పట్టీల కోసం బజారుకి వెళ్ళారు.

సాయంత్రం ఇల్లాలు బకెట్లతో పెరటి గుమ్మంలోకి వచ్చేసరికి అత్తగారు చెయ్యెత్తారు.

"అమ్మాయ్, మళ్ళీ ఒరిగింది. ఈసారి పడేసేలా ఉంది నన్ను. నేను లోపల కూర్చుంటా, సరిచేసి పిలువు."

ఇల్లాలు బకెట్లు దించింది. మోకాళ్ళ మీద కూర్చుని కుర్చీ కాలు ఎత్తి అట్ట లాగింది. అది ముద్దముద్దగా చేతికి అంటుకుంది. అట్టల కంపెనీని మనసులో నాలుగు అనుకుంది. చెయ్యంతా బురద. కడుక్కోవాలి. బకెట్ నీళ్ళు ముట్టుకోవడానికి మనసొప్పలేదు, అంత దూరం నుంచి మోసుకొచ్చింది. చూస్తే కుర్చీ కాలు దిగిన గుంటలో తేటగా నీళ్ళున్నాయి. ఆ నీళ్ళతో చెయ్యి కడుక్కుంది. శుభ్రంగా కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, కొత్త అట్ట తేవడానికి లేచి వంటింటి వైపు నడిచింది.

గుమ్మం దాకా వెళ్ళాక ఆగింది.

వెనక్కి తిరిగి గుంట వైపు చూసింది. అందులో నీళ్ళు మళ్ళీ నిండుతున్నాయి.

భౌతికశాస్త్రంలో పట్టా ఉన్న మనిషి ఆ గుమ్మంలో ఎంతసేపు నిలబడిందో, ఏమనుకుందో అవన్నీ ఇక్కడ రాయడం మర్యాద కాదు. తర్వాత వెళ్ళి కుర్చీ ఎత్తి అవతల పెట్టింది. పెద్ద గరిటె తెచ్చి తవ్వింది. గరిటె రెండోసారి దిగగానే ఠంగుమంది. లైన్‌మన్ చెప్పిన ఠంగు అక్షరాలా అదే. మూత తీసి, చెయ్యి మోచేతి దాకా బురదలో దూర్చి, వాల్వు తిప్పింది. మెత్త లేదు, పట్టీ లేదు, నడుము ఏ కోణంలో ఉందో కూడా చూసుకోలేదు. గుంటలో నీళ్ళు ఊరడం మానేశాయి. గొట్టాలు బాగుచేసేవాడికి ఫోన్ చేసింది. రోడ్డు తవ్వేవాళ్ళకన్నా ముందే, తెల్లవారేసరికి వస్తానన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర ఇంటాయన గొంతు సవరించుకున్నారు. ఆయన భుజాల మీద కొత్త పట్టీలు అలాగే ఉన్నాయి. అలవాటు కావాలని విప్పలేదు.

"అందరూ వినండి. కుటుంబం తరఫున ఒక నిర్ణయం తీసుకున్నాను. ఇన్నాళ్ళూ మనం యంత్రానికి తగ్గట్టు మనిషిని మార్చాలని చూశాం. అది పొరపాటు. ఈ పట్టీలతో బరువు సమస్య శాశ్వతంగా పరిష్కారమైంది. వీటికి ఇంకో రెండు బొందులు కుట్టాలి, అది మీ అమ్మ చూసుకుంటుంది. సోమవారం నుంచి అన్వేషణ పూర్తిస్థాయిలో మొదలవుతుంది."

"కోసేది రేపు కదా నాన్నా?" అంది కూతురు.

"హడావిడిగా చేస్తే భుజం పోతుందమ్మా."

ఇల్లాలు గిన్నె కింద పెట్టింది.

"వాల్వు కట్టేశాను. గొట్టం బాగుచేసేవాడు పొద్దున్నే వస్తాడు."



"మూత ఎక్కడుంది?" అన్నారు ఇంటాయన.

"అత్తయ్యగారి కుర్చీ కింద."

 అధికారి కాబట్టి బాధ్యత ఎక్కడ పెట్టాలో వెతుక్కున్నారు, అది తేలిగ్గానే దొరికింది. "అక్కడ యంత్రం మోగింది కదోయ్. అమ్మ అక్కడ కూర్చున్న రోజు నుంచీ మోగుతూనే ఉంది. నువ్వే లెక్కలోకి రాదన్నావు."

"నేనే అన్నాను. మోగితే తవ్వి చూడాలి. చదువుకున్నదాన్ని కదా, ఎందుకు మోగిందో చెప్పి ఊరుకున్నాను."

అత్తగారు నెమ్మదిగా మజ్జిగ గ్లాసు దించారు. "అయితే ఇన్నాళ్ళూ నేను నీళ్ళ మీద కూర్చున్నానన్నమాట." గ్లాసు మళ్ళీ ఎత్తుతూ, "హాయిగానే ఉండేది," అన్నారు.

"చేత్తో తిప్పావా?" ఇంటాయన గొంతులో నిజమైన ఆదుర్దా వినిపించింది. "ఏ చేత్తో? మోచెయ్యి పట్టెయ్యలేదూ?"

తన మోచెయ్యి సంగతి ఆ ఇంట్లో ఒకరు అడగడం అదే మొదలు. ఆమె దాన్ని ఒకసారి చూసుకుంది. అరచెయ్యి కూడా తిప్పి చూసుకుంది. గీతలు అలాగే ఉన్నాయి. వాటి గురించి చెప్పాలనుకుంది గాని, చెబితే బకెట్ కాడకి మెత్త కుట్టుకోమంటారు. అంతకన్నా ఘోరం, తను నిజంగానే కుట్టుకుంటుంది. అంచుకి సన్నని పట్టీ వేసి మరీ.

అందుకని వేరే నిర్ణయం ప్రకటించింది.

"రేపటి నుంచి ఈ ఇంట్లో ఏ కుర్చీ కాలు కుంగినా నేను అట్ట పెట్టను. కుర్చీ ఎత్తి కింద ఏముందో చూస్తాను. అందులో ఎవరు కూర్చునున్నా సరే, లేపి మరీ చూస్తాను."

నిర్ణయం ఏకగ్రీవంగా నెగ్గింది. ఎవరూ కుర్చీలోంచి లేవనవసరం లేని నిర్ణయాలు ఎక్కడైనా అలాగే నెగ్గుతాయి. ఇంటాయన ఒక చిన్న సవరణ మాత్రం సూచించారు. ఎత్తేటప్పుడు నడుం పట్టకుండా ఎలా వంగాలో ముందుగా డ్రిల్లు మాష్టారిని కనుక్కోవాలని. దానికీ అందరూ తలూపారు. పాఠకులు కూడా తలూపే ఉంటారు, సుఖాసనం నుంచి కదలకుండా. నేల కాస్త చల్లగా తగులుతుంటే మాత్రం ఒక్కసారి లేచి చూసుకోమని ఇల్లాలి మనవి.